ఫైబర్‌గ్లాస్ భాగాలకి జెల్‌కోట్ ఎందుకు? మామూలు పెయింట్ చాలదా?

పెయింట్ వేయకూడదని కాదు, రెండూ చేసే పని వేరు. జెల్‌కోట్ అంటే గాజు పీచు లేని, రంగు కలిపిన చిక్కటి రెజిన్ (గట్టిపడే ద్రవ ప్లాస్టిక్). అచ్చుకి వ్యాక్స్ పట్టించాక మొదటి పూతగా దీన్నే వేస్తారు. అది కాస్త గట్టిపడి ఇంకా జిగటగా ఉండగానే వెనక గ్లాస్ మ్యాట్ (గాజు పీచు పరుపు) పరిచి రెజిన్ పట్టిస్తారు. దాంతో రెండూ రసాయనికంగా కలిసిపోతాయి, పెయింట్‌లా పెచ్చులుగా ఊడిరావడం అరుదు. ఎండనీ నీటినీ ముందు తట్టుకునేది ఈ పొరే. ఇది లేకపోతే కొన్నాళ్లకి పైన రెజిన్ అరిగి పీచు తేలుతుంది, చెయ్యి పెడితే దురదే.

అసలు చిక్కంతా మందంలో ఉంది. సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. మరీ పలచనైతే సరిగా గట్టిపడదు. వెనక వేసిన రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం దాన్ని మెత్తబరిచి, మొసలి చర్మంలా ముడతలు తెప్పిస్తుంది. మందం ఎక్కువైతే చిన్న దెబ్బకే పగుళ్లు. ఎప్పుడూ నీళ్లలో ఉండే భాగమైతే ఐసోఫ్తాలిక్ రకం రెజిన్‌తో చేసిన జెల్‌కోటే తీసుకోండి. ఆర్థోఫ్తాలిక్ రకం చవకే గానీ నీటి బొబ్బలు త్వరగా వస్తాయి.

పాత భాగానికి రిపేరు చేస్తుంటే ఇంకో మెలిక. గాలి తగిలే వైపు పాలిస్టర్ జెల్‌కోట్ జిగటగానే ఉండిపోతుంది, అందుకని గాలిని అడ్డుకునేలా వ్యాక్స్ కలిపిన జెల్‌కోట్, అంటే టాప్‌కోట్ వాడాలి. దానిమీద మళ్లీ పూత వేయాలంటే మాత్రం ముందు గరుకు కాగితంతో రుద్దక తప్పదు.