నెలలు నిండినా బిడ్డ బరువు ఎందుకు తక్కువ?
37 వారాలు నిండాక పుట్టిన బిడ్డ 2.5 కిలోల లోపు ఉంటే, చాలావరకు కడుపులో ఎదుగుదల మందగించిందని అర్థం. మొదట చూడవలసింది తల్లి కంచం. ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందని అన్నం తగ్గించే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ మాట వినకండి. గర్భానికి ముందే తల్లి బక్కపలచగా ఉండటం, రక్తహీనత, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం, పొగాకు (పక్కవారు కాల్చే చుట్ట పొగ కూడా) ముప్పు పెంచుతాయి. ఐరన్ మాత్రను టీ, కాఫీలతో వేసుకుంటే సరిగా ఒంటపట్టదు. రక్తపోటు వల్ల మాయకు రక్తప్రసరణ తగ్గితే మాత్రం తల్లి ఎంత బాగా తిన్నా బిడ్డకు చేరేది తక్కువే. తొలిచూలు బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టి ఉంటే ఆ సంగతి మొదటి పరీక్షలోనే డాక్టరుకు చెప్పండి.