పాప జ్ఞానస్నానం గురించి ముందు పాపను అడగండి

ప్రశ్న: నేను క్యాథలిక్‌ని, మావారు హిందువు. తొమ్మిదేళ్ల కిందట బిషప్ గారి అనుమతితో చర్చిలోనే పెళ్లి చేసుకున్నాం. పుట్టే పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పిస్తానని అప్పుడు మాటిచ్చాను. పాపకిప్పుడు ఎనిమిదేళ్లు, ఇంకా వాయిదా వేస్తూనే ఉన్నాను. "జ్ఞానస్నానం లేకుండా దానికేమైనా అయితే?" అని మా అమ్మ రోజూ ఫోన్ చేసి ఏడుస్తోంది. గుణదల తీసుకెళ్లి ఎవరికీ చెప్పకుండా ఇప్పించేస్తానంటోంది. మా అత్తగారేమో "పేరు మార్చేసి నా మనవరాలిని నాకు కాకుండా చేస్తారు" అంటున్నారు. మావారు ఏమీ మాట్లాడరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: చూడమ్మా, ముందు ఆ గుణదల ఆలోచన మానిపించండి. చంటిబిడ్డకైనా తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలి. ఏడేళ్లు నిండాయంటే, 1983 నాటి చర్చి చట్టం ప్రకారం జ్ఞానస్నానం విషయంలో పెద్దవాళ్లకు వర్తించే పద్ధతే పిల్లలకూ వర్తిస్తుంది. అంటే పాపకు తెలియాలి, తను కోరుకోవాలి, కొంతకాలం నేర్చుకోవాలి. మీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, అత్తగారి మాట ఉంది, మీవారి మౌనం ఉంది. పాప ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు అదే బాధగా అనిపించింది.

మీ అమ్మగారి భయాన్ని కసురుకోకండి. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలు లింబోలో, అంటే మోక్షానికి వెలుపల ఉందని అనుకునే చోట, ఉండిపోతారని విని పెరిగిన తరం వాళ్లది. అలాంటి బిడ్డల రక్షణ కోసం ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం చెప్పింది. వాళ్లను దేవుని కరుణకు అప్పగించమనే చర్చి చెబుతుంది. ఈ మాటలు మీ ఫాదర్ గారి నోట వింటే ఆవిడ మనసు కుదుటపడుతుంది. ఒకసారి ఆయనతో ఫోన్లో మాట్లాడించండి.

మీవారి సంగతి. పెళ్లప్పుడు మాటిచ్చింది మీరు. ఆయనకు ఆ సంగతి తెలియజేశారు, అంతే. ఆయన ఏ ప్రమాణమూ చేయలేదు. కాబట్టి "అప్పుడే ఒప్పుకున్నారుగా" అని నిలదీయకండి. పాప నిద్రపోయాక ఇద్దరూ కూర్చుని, ఇది మీకు ఎందుకంత ముఖ్యమో చెప్పండి. మీ అమ్మ పోరు గురించి కాదు, మీ విశ్వాసం గురించి.

అత్తగారికి మాత్రం అబద్ధం చెప్పొద్దు. "ఉత్త నీళ్లే కదా అత్తయ్యా" అనకండి. క్యాథలిక్కులకు అది ఉత్త నీళ్లు కాదు. జన్మపాపం పోయి, దేవుని బిడ్డగా కొత్త జన్మ ఎత్తడం. ఒక్కసారే ఇస్తారు, మళ్లీ వెనక్కి తీసుకునేది కాదు. ఇకపై పాప ప్రార్థన వేరుగా ఉంటుందని మెల్లగా చెప్పండి. పేరు విషయంలో ఆవిడ భయపడక్కర్లేదు. క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు కాకుంటే చాలు. కావాలంటే ఒక పునీతురాలి పేరు జతచేసుకోవచ్చు, బడిలో పిలిచే పేరు అలాగే ఉంటుంది. సంక్రాంతికి నానమ్మ పక్కన కూర్చుని ముగ్గులో రంగులు నింపడం అసలే మానక్కర్లేదు. పెద్దలను గౌరవించమనేది పది ఆజ్ఞల్లో నాలుగోది.

పాపను సిద్ధం చేయడం చర్చిలో విశ్వాస పాఠాలు చెప్పే క్యాటికిజం క్లాసుకే వదిలేయకండి. మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లప్పుడు వంటింట్లో స్టీలు బేసిన్ పెట్టి, తల వంచమని, చెంబుతో మూడుసార్లు నీళ్లు పోసి చూపించాను. చెవిలోకి నీళ్లు పోయి కిలకిలా నవ్వింది. తల తుడుస్తుంటే అడిగింది: "పెద్దమ్మా, నీళ్లు ఆరిపోతే దేవుడు కూడా పోతాడా?" అప్పుడు తైలం గురించి చెప్పాను. పవిత్ర వారంలో బిషప్ గారు ఆశీర్వదించే, సువాసన కలిపిన ఆలివ్ నూనె. అది పూసిన ముద్ర ఎన్నిసార్లు తలంటుకున్నా పోదని చెప్పాను. ఆ రాత్రి పడుకునే ముందు తనంతట తనే నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంది. మీరూ ఒక్కో సాయంత్రం ఒక్కో గుర్తు చూపించండి. ఒకరోజు తెల్లబట్ట, ఇంకోరోజు పాస్కా దీపం, అంటే ఈస్టర్ పెద్ద కొవ్వొత్తి, నుంచి వెలిగించే చిన్న కొవ్వొత్తి.

ఒక్కచోట జాగ్రత్త. "సైతానును విడిచిపెడుతున్నావా?" అని ఫాదర్ గారు అడుగుతారు. నానమ్మ దేవుడి గది గురించే ఆ ప్రశ్న అని పాప మనసులో పడిందంటే ఆ పసిగుండె రెండు ముక్కలవుతుంది. అబద్ధం, అసూయ, తోటిపిల్లను ఏడిపించడం, ఇలా తనకు తెలిసిన చెడుతో వివరించండి.

జ్ఞానతల్లిగానో జ్ఞానతండ్రిగానో ఎవరిని పెట్టాలన్నది తేలికే: పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన క్యాథలిక్ అయి, విశ్వాసానికి తగ్గట్టు నడుచుకునేవాళ్లు. మీరిద్దరూ కాకూడదు. వారానికోసారైనా పాపను చూడగలిగినవాళ్లయితే మంచిది.

తేదీ కోసం తొందరపడకండి. ఈ వయసు పిల్లలకు మామూలుగా ఈస్టర్ జాగరణ రాత్రే జ్ఞానస్నానం, అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే కమ్యూనియన్) కలిపి ఇస్తారు. ఎప్పుడన్నది మీ విచారణ గురువు, అంటే మీ చర్చి ఫాదర్ గారు, నిర్ణయిస్తారు. ఈ ఆదివారం పూజ అయ్యాక ఆయన్ను కలవండి. పాప ఇంకా వద్దంటే ఆ సంగతీ ఆయనకు చెప్పండి, ఆగుదాం. కావాలంటే మాత్రం, ఆ రోజు మీ అత్తగారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. పాప తల తుడిచే తువ్వాలు ఆవిడ చేతికే ఇవ్వొచ్చేమో ఫాదర్ గారిని అడిగి చూడండి.