చౌకగా వచ్చే డబుల్ రైఫిల్ కొనొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, గ్రీన్ కార్డు వచ్చింది. సెలవు దొరికితే అడవిపందుల వేటకు పోతుంటాడు. ఇటలీలో తయారైన, రెండు గొట్టాలుండే డబుల్ రైఫిల్ ఒకటి, .470 తూటా కొలతది, ఆరు వేల డాలర్లకు వస్తోందట. "లండన్‌వి లక్ష డాలర్లు దాటుతాయి, ఇది చాలా అగ్గువ మామయ్యా" అంటున్నాడు. ఎప్పటికైనా ఆఫ్రికా పోయి అడవిదున్నను కొట్టాలని వాడి కోరిక. మా తాతకు కూడా అట్లాంటి లండన్ రైఫిల్ ఉండేదని, దాని మీద .465 అని చెక్కి ఉండేదని నాన్న చెప్పేవారు. తుపాకుల పని తెలిసినవారని మిమ్మల్ని అడుగుతున్నా. కొనమనాలా, వద్దా? తర్వాత దాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. తేలేడు. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనిషికి ఎప్పుడో మూసేశారు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు ఉండే అనుమతులు వేరు. ఒకవేళ ఎట్లాగో వచ్చిందే అనుకుందాం. లైసెన్సు కావాలి, తూటాలు కావాలి. .470 తూటా మన దగ్గర ఏ దుకాణంలో అడుగుతారు? అన్నీ దొరికినా దాంతో కొట్టడానికేం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట ముచ్చట ముగిసింది. కాబట్టి రైఫిల్ టెక్సాస్‌లో కొంటే టెక్సాస్‌లోనే ఉండాలి.

ఇంకో మాట, మీకు కాదు, ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అక్కడ తుపాకి కొనుక్కోవచ్చు. హెచ్-1బీ మీదో, చదువు వీసా మీదో ఉన్న పిల్లలకు అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తుపాకి దగ్గర ఉంచుకోవడమే నిషేధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అవి వకీలును అడగకుండా నమ్ముకునేవి కావు. దోస్తు తుపాకి పట్టుకుని ఫొటో దిగి ఇంటికి పంపే పిల్లలున్నారు. వాళ్లకు ఈ ముక్క చదివి వినిపించండి.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్లల్లో రెండు గొట్టాల తుపాకి అంటే పన్నెండు బోరు డీబీబీఎల్. దాంట్లోంచి పోయేవి ఛర్రాలు. జానెడు అటూ ఇటూ అయినా పనైపోతుంది. డబుల్ రైఫిల్ అట్లా కాదు. ఒక్కో గొట్టానికి ఒక్కటే గుండు, రెంటికీ కలిపి గురి చూసే సైటు ఒక్కటే. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకి పైకీ కుడికీ తంతుంది, ఎడమది పేలితే పైకీ ఎడమకీ. గుండు గొట్టం దాటే లోపలే ఆ కదలిక మొదలవుతుంది. అందుకే గొట్టాలను సమానంగా పక్కపక్కన అతికించరు. కొసలు కొంచెం లోపలికి చూసేట్టు పెట్టి, ఆ తన్నుడును లెక్కలో వేసుకుని, యాభై అరవై గజాల దగ్గర రెండు గుండ్లూ ఒకే చోట పడేట్టు సర్దుతారు. దీన్నే రెగ్యులేషన్ అంటారు.

సర్దడం అంటే కాల్చి చూడటమే. పనివాడు రెండు గుండ్లు కాల్చి కాగితం చూస్తాడు. కొసల మధ్య ఉన్న సన్నటి ఇనుప ముక్క దగ్గర టంకం కరిగించి, ముక్కను వెంట్రుకంత జరిపి, చల్లారాక మళ్లీ కాలుస్తాడు. కుదిరేదాకా ఇదే పని. అదీ ఒకే రకం తూటాతో. గుండు బరువు, వేగం మారితే లెక్క తప్పుతుంది. తూటా నెమ్మదిదైతే గుండ్లు ఒకదానికొకటి దూరం జరుగుతాయి, మరీ జోరుగా పోయేదైతే అడ్డంగా దాటుకుంటాయి.

మీవాడు చూసిన రైఫిల్లో ఉక్కు చెడ్డదై ఉండదు. ఇటలీలో బ్రెషా పక్కన వాల్ ట్రోంపియా అనే లోయ ఉంది. అక్కడ తుపాకుల పని వందల ఏళ్లది. ఇప్పుడు యాక్షన్‌ను, అంటే గొట్టాల వెనక తూటాను పట్టి పేల్చే భాగాన్ని, కంప్యూటర్ మిషన్ కోస్తుంది, నగిషీ లేజర్ చెక్కుతుంది, రెండూ శుభ్రంగానే వస్తాయి. అక్కడి ప్రూఫ్ హౌస్‌లో మామూలుకంటే ఎక్కువ మందుతో కాల్చి, ముద్ర వేశాకే బయటికి పంపుతారు. కానీ ఆ ముద్ర చెప్పేది గొట్టం పగలదని మాత్రమే, గుండు సూటిగా పోతుందని కాదు. మనిషి కూర్చుని తూటాలు తగలేసి చేయాల్సింది రెగ్యులేషన్ ఒక్కటే. ధర తగ్గించాలంటే కంపెనీకి కత్తెర పడేదీ అక్కడే.

ఇది నా ఊహ కాదు. 2010 ప్రాంతంలో ఇట్లాంటి చౌక డబుల్ రైఫిళ్లు ఐదారు వేల డాలర్లకు అమెరికా దుకాణాల్లోకి వచ్చినప్పుడు, కొన్నవాళ్లు గొట్టం కొసలు చూసి గొడవపెట్టారు. టంకం విప్పి సర్దే ఓపిక లేక, గొట్టం లోపలి అంచును ఒక పక్క గ్రైండర్‌తో అరగదీసి గుండును పక్కకు తిప్పే ప్రయత్నం జరిగింది. అంచు ఒక వైపు తెగితే వెనక వచ్చే గ్యాస్ ఆ పక్క నుంచి ముందు తన్నుకుని గుండును నెట్టేస్తుంది. ఆ రోజు, ఆ తూటాతో గుండ్లు ఒకచోట పడొచ్చు. తర్వాత? మీవాడు రైఫిల్ చేతికి తీసుకోగానే నగిషీ చూడొద్దు. టార్చి వేసి కొసలు చూడాలి. రెండు అంచులూ గుండ్రంగా, నున్నగా ఉండాలి. నెలవంక ఆకారంలో గాటు కనిపిస్తే రైఫిల్ కౌంటర్ మీద పెట్టి వచ్చేయడమే.

రష్యా వాళ్లు ఇదే సమస్యకు వేరే దారి పట్టారు. ఇజెవ్‌స్క్‌లో చేసిన బైకాల్ డబుల్ రైఫిళ్లలో కొసల దగ్గర సర్దుబాటు ఏర్పాటు ఉండేది. కొన్నవాడే తన తూటాకు తగ్గట్టు సర్దుకోవచ్చు. చూడటానికి మోటు, నగిషీ లేదు, కానీ ఆ ఆలోచన నాకు నచ్చింది. .45-70, .30-06 రకాల్లో వచ్చేవి, కొంతకాలం రెమింగ్టన్ వాళ్లే తమ స్పార్టన్ పేరుతో అమ్మారు. బైకాల్ ఫ్యాక్టరీ కలాష్నికోవ్ సంస్థలో భాగం. 2014లో ఆ సంస్థ మీద అమెరికా ఆంక్షలు పెట్టాక కొత్త సరుకు ఆగిపోయింది. పాతవి ఎవరైనా అమ్మితే పందులకు అది చాలు.

అడవిదున్న సంగతి వేరు. ఆఫ్రికాలో చాలా దేశాలు పెద్ద జంతువులకు .375 కన్నా చిన్న తుపాకి ఒప్పుకోవు. ఆ .375 తూటా 1912 నుంచి ఉంది. దానికి మంచి బోల్ట్ రైఫిల్ (ఒకే గొట్టం, చేత్తో గడియ లాగి తూటా ఎక్కించేది) ఈ ఇటలీ రైఫిల్ ధరలో సగానికే వస్తుంది, మిగిలిన డబ్బుతో టెలిస్కోప్ కొని తూటాలు కాల్చి చెయ్యి కుదుర్చుకోవచ్చు. .470కి ఒక్కో తూటాయే పది డాలర్లు దాటుతుంది. అప్పు చేసి రైఫిల్ కొన్నవాడు తూటా దగ్గర లెక్క చూస్తాడు, సాధన ఉండదు. సాధన లేనివాడు గాయపడ్డ దున్న ముందు నిలబడటం నాకు ఇష్టం లేదు, మీ అక్కకు అసలే ఉండదు.

అయినా వాడికి రెండు గొట్టాల మీదే మనసుంటే కొత్త చౌకది వద్దు, పేరున్న జర్మన్ లేదా ఫ్రెంచ్ తయారీ పాతది చూడమనండి. డబ్బు రెట్టింపు కావొచ్చు, కానీ మళ్లీ అమ్ముకున్నా పోదు. కొనే ముందు గొట్టాలు విప్పి, కింది కొక్కేన్ని వేలికి వేలాడదీసి, గోటితో కొట్టి వినాలి. గుడిగంటలా సాగుతూ మోగితే లోపలి టంకం గట్టిగా ఉన్నట్టు. డబ్బా కొట్టినట్టు చప్పగా వస్తే ఎక్కడో ఊడింది. ములుగు వైపు గడీ నుంచి ఒక పాత రైఫిల్ నా దుకాణానికి వచ్చింది. పైన అద్దంలా మెరుస్తోంది. గోటితో కొడితే జర్రుమంది. ఎన్నికలప్పుడల్లా స్టేషన్‌లో జమచేసి, వానాకాలం అక్కడే వదిలేశారట. గొట్టాల మధ్య పట్టీ కింద తుప్పు పట్టి పొడి రాలింది. అట్లాంటిది దూరంగా చూసి కొనొద్దు.

తర్వాత మందు లేని ఉత్తి తూటాలు పెట్టి, రెండు ట్రిగ్గర్లలో ముందుదాన్ని నొక్కి, రెండో గొట్టం సుత్తి కూడా దానంతటదే పడిపోతుందేమో చూడాలి. చౌకవాటిలో ఈ జబ్బు కూడా ఉంటుంది. .470 గుండు ఒక్కోటి ముప్పై రెండు గ్రాములు. రెండూ ఒకేసారి పేలితే భుజం సంగతి చెప్పక్కర్లేదు. చివరగా, తాను వాడబోయే తూటాతోనే యాభై గజాల్లో కుడి, ఎడమ, కుడి, ఎడమ కాల్చి చూపించమని అడగాలి. నాలుగు రంధ్రాలూ అరచేతి కింద దాగాలి. అమ్మేవాడు కుదరదంటే బేరం అక్కడితో ఆపేయాలి.

మీ తాతగారి .465 గురించి. 1907 ప్రాంతంలో ఇంగ్లిష్ సర్కారు మన దేశంలో .450 రైఫిళ్లను నిషేధించింది. పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకులది కూడా అదే కొలత. ఆ గుండ్లు తిరుగుబాటుదార్ల చేతిలో పడతాయని భయం. దొరలకూ రాజులకూ పెద్ద తుపాకులు అమ్ముకునే లండన్ కంపెనీలు ఊరుకుంటాయా? కొలత కాస్త మార్చి హాలండ్ అండ్ హాలండ్ .465 తెచ్చింది, .470 బజారుకెక్కింది కూడా ఆ రోజుల్లోనే. అంటే మీ మేనల్లుడు మోజుపడుతున్న .470 మన అడవుల కోసం పుట్టిన బాపతే. 1902లో కర్జన్ వైస్రాయి నెక్కొండ అడవిలో పులిని కొట్టి దిగిన ఫొటో కాలంనాటి వ్యాపారం అది. మీ తాతగారి రైఫిల్ చివరికి ఏమైందో మీరు రాయలేదు. మన వైపు గడీల తుపాకులు కొన్ని స్టేషన్లకు, కొన్ని అన్నల చేతికి పోయాయి. నేనూ అడగను.

ప్రశ్న: నాన్న పోయారు. ఆయన పేరు మీద డీబీబీఎల్ ఇంట్లోనే ఉంది. లైసెన్సు గడువు ఇంకా ఉంది. అట్లాగే ఉంచొచ్చా?
— ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: వద్దమ్మా. లైసెన్సు మనిషికి ఇచ్చింది, ఇంటికి కాదు. ఆలస్యం చేయకుండా తుపాకినీ తూటాలనూ దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి. ఆయుధాల చట్టంలో 21వ సెక్షన్ చెప్పేది అదే. రసీదులో తుపాకి నంబరు, తూటాల లెక్క రాయించండి. మీరో, మీ తమ్ముడో వారసులుగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, అది గుర్తుంచుకోండి. జమచేసే ముందు గొట్టాల లోపల నూనె గుడ్డ దోపి, బయట పలచగా నూనె రాయండి. తోలు సంచిలో మాత్రం పెట్టి ఇవ్వొద్దు, తోలు తేమ పీల్చుకుంటుంది.