గనుల కంపెనీల సీఎస్ఆర్ వల్ల చుట్టుపక్కల ఊళ్లు నిజంగా బాగుపడతాయా?

ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. మా ఊరు పల్నాడులో ఒక సిమెంట్ కంపెనీ సున్నపురాయి గనికి కూతవేటు దూరంలో ఉంది. కాస్త కోపంగా రాస్తే ఏమీ అనుకోకండి.

సీఎస్ఆర్ అంటే కంపెనీ తన లాభాల్లోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. దాని కింద మాకు బడి ప్రహరీ, ఏడాదికోసారి కంటి శిబిరం, ఒక ఆర్వో ప్లాంటు, సెంటర్లో బస్ షెల్టర్ వచ్చాయి. షెల్టర్ మీద మూడు వైపులా సిమెంట్ బస్తా బొమ్మే, ఊరి పేరు వెతుక్కోవాలి. ఆర్వో ప్లాంటు ప్రారంభానికి శాలువాలు, ఫొటోలు అన్నీ అయ్యాయి గానీ ఫిల్టర్లు మార్చే మనిషి ఎవరో ఎవరూ చెప్పలేదు. రెండో వేసవికల్లా తాళం పడింది. మళ్లీ వాటర్ టిన్నులే కొనుక్కుంటున్నాం.

ఇక అసలు సంగతి. గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగగానే మా అమ్మ అలమర అంచున ఉన్న స్టీలు డబ్బాలు దించి కింద పెడుతుంది. టీవీ చూస్తున్నా లేచి వెళ్లి దించుతుంది, అంత అలవాటైపోయింది. నడవ గోడకి కిటికీ మూల నుంచి పైదాకా ఒక బీట ఉంది. నాన్న దానికి అడ్డంగా చిన్న కాగితం ముక్క మైదా జిగురుతో అంటించి, పైన తేదీ రాస్తాడు. కాగితం చిరిగిందంటే బీట పెరిగినట్టు. దాని పక్కనే ఇంకోటి అంటిస్తాడు.

నాలుగేళ్ల కిందట ఆ కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని నాన్నా నేనూ కంపెనీ సీఎస్ఆర్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అంతా విని, "ఇళ్ల రిపేర్లు మా దాంట్లోకి రావండీ పెద్దాయనా, అది మైన్స్ వాళ్లని అడగాలి" అన్నాడు. వాళ్లనడిగితే ఒకరోజు వచ్చి మా వాకిట్లో అదురు కొలిచే మిషన్ పెట్టారు. మామూలు ఇళ్ల దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీ (నెమ్మదిగా ఊగే) అదురుకు నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని రూలు. ఆరోజు పేలుడు పెళ్లి ఊరేగింపులో ఔట్లు కాల్చినట్టు వినపడింది, మిషన్ అంతా బాగానే ఉందంది. మిషన్ వెళ్లిన మర్నాడు కందిపప్పు డబ్బా దానంతటదే కింద పడింది. కాకతాళీయం అని మీరనుకోవచ్చు, నేననుకోను.

సీఎస్ఆర్ ఆఫీసరు మాత్రం మమ్మల్ని వట్టి చేతులతో పంపలేదు. "ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నారా?" అని అడిగి, మా అన్న కూతురి కోసం కంపెనీ పేరున్న స్కూలు బ్యాగు ఇచ్చాడు.

పాపం, ఆయన్ని అనడానికి లేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, అంతే. లాభం లేకపోతే అదీ లేదు. దేనికి ఖర్చుపెట్టాలో తేల్చేది వాళ్ల బోర్డు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద టిప్పర్ల దుమ్ము పడితే గుంటూరు యార్డులో తాలు (నాసిరకం కాయల) రేటు కట్టేస్తారు, దానికి ఆ 2 శాతంలో పద్దు లేదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, బొర్రా వైపు గనుల మీద తీర్పిస్తూ సుప్రీంకోర్టు లాభాల్లో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి పక్కన పెట్టాలంది. గిరిజన ప్రాంతాలకు చెప్పిన మాటే అనుకోండి, అయినా ఆ 20 ఎక్కడ, ఈ 2 ఎక్కడ!

నన్నడిగితే సీఎస్ఆర్ గురించి కొట్టుకోవడమే దండగ. అడగాల్సింది డీఎంఎఫ్, అంటే జిల్లా ఖనిజ ఫౌండేషన్ సొమ్ము. 2015లో గనుల చట్టం సవరించి గని ప్రభావిత ఊళ్ల కోసమే పెట్టారు దాన్ని. పాత లీజైతే రాయల్టీకి (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ముకి) అదనంగా అందులో 30 శాతం, వేలంలో ఇచ్చిన లీజైతే 10 శాతం కట్టాలి. సున్నపురాయికి రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. పాత లీజులో టన్నుకు 24 రూపాయలన్నమాట. ఏడాదికి 10 లక్షల టన్నులు తవ్వే గని అయితే 2 కోట్ల 40 లక్షలు, కంపెనీకి లాభమొచ్చినా రాకపోయినా. మా ఊళ్లో పదిమందిని అడగండి, ఎనిమిదిమంది ఆ పేరే విని ఉండరు. మన నాయకులేమో కంపెనీ దగ్గరికి పోయి ఊరి మొదట్లో ఆర్చీ, గుడికి టైల్సూ అడిగొస్తారు. ఇచ్చినవాడి పేరు పెద్దక్షరాల్లో, అడిగినవాడి పేరు దాని కింద.

ఇంకో మాట. మీ దగ్గర గని విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే పనులు మానుకునైనా వెళ్లండి. కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చుంటారు, వీడియో తీస్తారు, మీరన్నదీ కంపెనీ ఇచ్చిన జవాబూ కాగితం మీదికెక్కుతాయి. మేం ఆఫీసులో టీ తాగుతూ చెప్పుకున్నది ఎవరూ రాసుకోలేదు.

బీట అలాగే ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు లెక్కపెడితే గోడ మీద పదకొండు కాగితాలు. అన్న కూతురు ఆ బ్యాగు రంగు నచ్చలేదని వాడలేదు. నాన్న అందులో అర్జీల జిరాక్సులు పెట్టుకుంటున్నాడు. జిప్ ఇంకా పోలేదు, బ్యాగు మాత్రం మంచిదే ఇచ్చారు.