గుట్ట నుంచి తవ్వి తెచ్చిన తంగేడు ఎందుకు బతకడం లేదు?

సందేహం: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎర్రనేల. ఇంటి ముందు మల్లె, గులాబీ పెట్టి డ్రిప్ వేశాం. మా కోడలిది మహబూబ్‌నగర్ వైపు. బతుకమ్మకు పూలు కావాలంటే గుట్ట మీద తంగేడు మొక్కలు గడ్డపారతో తవ్వి తెచ్చి రెండుసార్లు నాటాను. మొదటివి వారంలోనే ఎండిపోయాయి. రెండోసారివి చిగురు వేశాక ఆకులు పండుబారి, మొదలు నల్లబడి చచ్చిపోయాయి. నీళ్లు లేని గుట్ట మీద బతికేది ఇంటి దగ్గర ఎందుకు బతకదు? ఎరువు వేయాలా? మేకల బెడద ఉంటుందా?

జవాబు: రెండుసార్లు చనిపోవడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. తంగేడు కరవుకు తట్టుకునేది తల్లివేరు బలంతోనే. చిన్న మొక్క కూడా రాళ్ల సందుల్లోంచి లోతుకు వేరు దించుతుంది. గడ్డపారతో పెకిలిస్తే ఆ వేరు తెగి గుట్టలోనే ఉండిపోతుంది. మొదటివి అందుకే ఎండాయి. రెండోసారివి మల్లెలతో పాటు రోజూ డ్రిప్ నీళ్లు తాగాయి. మీరు చెప్పిన లక్షణాలు వేరుకుళ్లువే. మళ్లీ తవ్వి తేవద్దు, గుట్ట మీదివి గుట్ట మీదే ఉండనివ్వండి. గింజతో పెంచుకోండి.

పూత అయిపోయాక బద్దల్లాంటి పలచటి కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. అప్పుడు కోసి, పురుగు చిల్లులున్న గింజలు ఏరేయండి. గింజ పెంకు చాలా గట్టిది, ఊరికే విత్తితే కొన్ని నెలల తరబడి మొలవవు. నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించి, కాసేపాగి గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద పెట్టి ఉడికించారంటే మాత్రం ఒక్కటీ మొలవదు. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తుకోవచ్చు. ఉబ్బనివాటిని గరుకు కాగితంపై కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టండి.

తొలకరి పడగానే, మొక్క ఉండాల్సిన చోటే మూడు నాలుగు గింజలు అర అంగుళం లోతున వేసి, తర్వాత బలమైనది ఒకటి ఉంచండి. సంచుల్లో పెంచితే పొడవాటి సంచులు వాడి, వేరు అడుగున చుట్టుకోకముందే మట్టి చెదరకుండా నాటాలి. రోజంతా ఎండ తగిలే చోటు కావాలి. మీ ఎర్రనేల సరిపోతుంది. డ్రిప్ లైనుకు దూరంగా, నీరు నిలవని మెరక మీద పెట్టండి. మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగులు చాలు.

మొదటి వేసవిలో మాత్రం వారం పది రోజులకోసారి బిందెడు నీళ్లు పోయండి. రెండో ఏడాది నుంచి మీ జిల్లా వానే చాలు, అది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే అయినా. ఎండలు ముదిరినప్పుడు కొన్ని ఆకులు రాలితే టెన్షన్ పడి డ్రిప్ పైపు అటు తిప్పకండి.

యూరియా వేస్తే ఆకు పెరుగుతుంది తప్ప పూత రాదు. గుంటలో రెండు దోసిళ్ల చివికిన పశువుల ఎరువు కలిపితే సరి. చాలామంది ఇది చిక్కుడు కుటుంబం కదా, నేలకు నత్రజని ఇస్తుందనుకుంటారు. తంగేడు వేర్లకు నత్రజని పట్టే బుడిపెలు రావు. అయినా రొట్టను పొలంలో వేసి కలియదున్నితే మంచి పచ్చిరొట్ట ఎరువే.

కోడలికి ఒక మాట చెప్పండి: విత్తిన ఏడాదే బతుకమ్మకు పూలు అందుతాయని ఆశపడొద్దు, సాధారణంగా రెండో ఏడాది నుంచి వస్తాయి. పూలు కొత్త కొమ్మల చివర్లలో పూస్తాయి కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడో వంతు కత్తిరించండి. ఆగస్టు దాటాక కత్తెర పెడితే దసరా పూలను మీరే కోసేసినట్టు.

మేకలు, గొర్రెలు మామూలుగా తంగేడును ముట్టవు, గుట్టల మీద అది మిగలడానికి అదీ ఒక కారణం. మేత బాగా కరువైనప్పుడు లేత చిగురు కొరకొచ్చు, కాబట్టి మొదటి ఏడాది చుట్టూ ముళ్లకంప వేయండి. వానల్లో ఆకుపచ్చ గొంగళి పురుగులు ఆకులు తింటుంటే మందు కొట్టకండి. అవి లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. చిన్న మొక్క మీద ఉంటే చేత్తో ఏరి పెద్ద మొక్క మీద వేయండి, అది మళ్లీ చిగురిస్తుంది.