పచ్చగా ఉన్నదాన్నే ఏరకు

శ్రావణీ,

పీహెచ్‌డీకి క్లామిడోమోనాస్ అనే ఏకకణ పచ్చ నాచు ల్యాబులో చేరుతున్నావని, అదీ జీన్ మారిపోయి కిరణజన్య సంయోగక్రియ చేతకాని మ్యూటెంట్ల మీదేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది. టెన్షన్ కూడా ఉంది, ఎందుకంటే అవి ఎంత టక్కరివో నాకు తెలుసు.

లేబుల్ మీద తేదీ రాయి. నాచుకు ఆహారంగా ఎసిటేట్ కలిపిన ప్లేటంటే బాక్టీరియాకూ విందే, కణాలను గీసే తీగ లూప్‌ను బాగా కాల్చు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా లైటు గురించే. ఎసిటేట్ ఇస్తే ఈ నాచు చీకట్లోనూ పెరుగుతుంది. అందుకే వెలుతురుతో ఆహారం తయారు చేసుకోలేని స్ట్రెయిన్లు, అంటే రకాలు, కూడా మన చేతిలో బతుకుతున్నాయి. 1965లో గోర్మన్, లెవిన్ ఇచ్చిన ఎసిటేట్ మీడియమే ఇప్పటికీ వాడుతున్నాం. కానీ ఈ స్ట్రెయిన్లలో చాలావాటికి ఎక్కువ లైటు సరిపడదు. గట్టి లైటు కింద పెడితే మ్యూటెంటు కణాలు దెబ్బతింటాయి. వాటి మధ్య ఎక్కడో ఒక కణం మళ్లీ మారి తన శక్తి తెచ్చుకుంటే, కొన్నాళ్లకు ప్లేటంతా దానిదే.

మా ల్యాబులో ఒక సీనియర్ సెలవులకు వెళ్తూ తన ప్లేట్లను లైట్ల కిందే వదిలేశాడు. తిరిగొచ్చి చూస్తే, పాలిపోయిన గీతల మధ్య ఒక కాలనీ ముదురు పచ్చగా నిగనిగలాడుతోంది. కల్చర్ కోలుకుందని మురిసిపోయి, దాన్నే తీసి కొత్త ప్లేటు మీద గీశాడు. మళ్లీ మళ్లీ అదే చేశాడు. నెలల తరబడి ఆక్సిజన్ కొలతలు. అంకెలు బాగా వస్తున్నాయని మేమూ చప్పట్లు కొట్టాం! చివరికి ఎవరో ఎసిటేట్ లేని ప్లేటు మీద ఒక చుక్క వేసి లైటులో పెట్టారు. హాయిగా పెరిగింది. అది మ్యూటెంటు కానే కాదు. థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం పోయింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఆయన ఎదుట టీ చల్లారిపోతుంటే, ఏమనాలో ఎవరికీ తోచలేదు.

నీకూ ఆ బుద్ధే ఉందే! తాతయ్య తోటలో జామకాయలు ఏరమంటే నిగనిగలాడేవే బుట్టలో వేసేదానివి, సగం పుచ్చులే ఉండేవి. ఇక్కడ మాత్రం అలా చేయకు, తల్లీ. అన్నిటికంటే పచ్చగా ఉన్న కాలనీనే ముందు అనుమానించు. ప్రతి ప్రయోగానికీ ముందు ఎసిటేట్ లేని ప్లేటు మీద చుక్క వేసి చూడు. స్టాకులు మసక వెలుతురులో, మరీ సున్నితమైనవి చీకట్లో ఉంచు. వీలైతే డిలీషన్ స్ట్రెయిన్లు అడుగు. జీన్‌లో ముక్కే లేనప్పుడు వెనక్కి మారడం కుదరదు. 1988లో ఈ నాచు క్లోరోప్లాస్ట్‌లోకి (కిరణజన్య సంయోగక్రియ జరిగే కణభాగంలోకి) డీఎన్ఏను తూటాలా పేల్చి పంపినప్పుడు అలాంటి స్ట్రెయినే వాడారు, మళ్లీ పచ్చగా పెరిగినవి నిజంగా తాము ఇచ్చిన జీన్ వల్లే పెరిగాయని నమ్మడానికి.

రాత్రి ల్యాబులో ఆలస్యమైతే హాస్టల్‌కి ఒంటరిగా నడవకు. ఏదైనా తిను. స్టాకు ప్లేట్లు రెండు సెట్లు చేసి, ఒకటి వేరే గదిలో పెట్టాకే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ