భర్త తప్ప వేరే ఎవరూ లేరు, అయినా హెచ్‌పీవీ పాజిటివ్ ఎలా వచ్చింది?

రావచ్చు. దీన్నిబట్టి ఎవరి నడవడికనూ అనుమానించాల్సిన పనిలేదు. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఇది జననాంగాల చర్మం తగలడం వల్ల అంటుకుంటుంది. లైంగిక జీవితం మొదలైనవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. స్త్రీకి ఎంతమంది భాగస్వాములన్నదే కాదు, ఆమె భర్తకు గతంలో ఉన్న సంబంధాలూ లెక్కలోకి వస్తాయి. పైగా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండిపోగలదు కాబట్టి, ఇది ఈమధ్య సోకిందా, పెళ్లికి ముందుదా అని ఏ టెస్టూ చెప్పలేదు. ఇంట్లో గొడవ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

చిన్న వయసులోనే లైంగిక జీవితం మొదలైతే ముప్పు ఎక్కువ. కండోమ్ కొంత కాపాడుతుంది గానీ, అది కప్పని చోటు నుంచి కూడా వైరస్ అంటవచ్చు.

నన్నడిగితే, సోకడం కన్నా పోకుండా తిష్ఠ వేయడమే అసలు సమస్య, అలా ఉండిపోతేనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది. పొగతాగేవాళ్లలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో అంత తేలిగ్గా పోదు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు.

ఆ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ వైరస్‌లోని 16, 18 నంబర్ల రకాలే కారణం. రిపోర్టులో మీది ఏ రకమో చూడండి. ఆ రెండింటిలో ఒకటైతే సాధారణంగా కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూసే పరీక్ష) చేయించమంటారు. ప్రమాదకరమైన మిగతా రకాలైతే చాలాసార్లు ముందు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) చూస్తారు. టెన్షన్ పడి కూర్చోకుండా గైనకాలజిస్టును కలవండి.